మామ ట్రాక్టరుకు నేను బిగించిన బోల్టులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు మొయినాబాద్ రోడ్డు పక్కన నాకంటూ ఒక షెడ్డు ఉంది, చేతి కింద ఇద్దరు పనివాళ్ళున్నారు, చేవెళ్ల నుంచి కూడా ట్రాక్టర్లు వెతుక్కుంటూ వస్తాయి. అయినా ఒక ఇంజను ముందు నిలబడితే పావుగంట తల గోక్కుంటాను. ఇరవై ఏళ్ల వయసులో అట్లా కాదు. ట్రాక్టరు వాకిట్లోకి రాకముందే దాని రోగమేమిటో చెప్పేసేవాణ్ణి. తీరా విప్పి చూస్తే రోగం ఇంకేదో అయి ఉండేది గానీ, అది ఆ ఇంజను తప్పు తప్ప నా తప్పని నాకెప్పుడూ తోచలేదు. ఆ ధైర్యం ఇప్పుడు సగం ఉన్నా ఇంకో షెడ్డు పెట్టేవాణ్ణి (ఉన్న షెడ్డు పోగొట్టుకునేవాణ్ణని మా ఆవిడ అంటుంది, ఆమె మాటలోనూ న్యాయం ఉంది).

మాది కనకమామిడి. బాపు బోరు మోటర్లు దించేవాడు, తీసేవాడు, పొలాలకూ ఫామ్‌హౌసులకూ పైపులు వేసేవాడు. బడి సెలవుల్లో నేను ఆయన వెంట తిరిగి నేర్చుకున్న విద్య ఒకటే. పైపుకు మరలు కనిపిస్తే వాటికి సఫేదా పట్టించాలి, దాని మీద నూలు దారం చుట్టాలి, ఆ తర్వాతే పాన, అంటే స్పానరు, పెట్టి బిగించాలి. సఫేదా అంటే డబ్బాలో వచ్చే తెల్లటి ముద్ద. చేతికంటితే అన్నం తినేదాకా వదలదు, ఒక్కోసారి తిన్నాక కూడా వదలదు. "నీళ్ళు ఎంత సన్న సందు దొరికినా ఎల్లిపోతయి బిడ్డ, రాసేకాడ పిసినారితనం చెయ్యకు" అనేవాడు బాపు. ఆయన చెప్పిన మాటల్లో నేను తు.చ. తప్పకుండా పాటించింది ఇదొక్కటే. ఎంతగా పాటించానంటే, ఒకసారి అమ్మ పచ్చడి సీసా మూతకు కూడా మరలున్నాయని గమనించి నా పని నేను చేసేశాను. ఆ సీసాను చివరికి బండకేసి కొట్టి తెరవాల్సి వచ్చింది. అప్పటిదాకా పచ్చడి మాత్రం ఒక్క చుక్క కారలేదు.

అయితే నాకు బోర్ల పని మీద మనసు లేదు. ఇంజన్ల మీద ఉండేది. బాపుకేమో నా మీదా ఇంజన్ల మీదా రెండింటి మీదా నమ్మకం లేదు. గండిపేట దగ్గర ఉండే ఒక సారు మా ఊళ్ళో తోట కొన్నాడు, దానికి సూపర్‌వైజర్ కావాలన్నాడు. సూపర్‌వైజర్ అంటే ఆదివారాలు సారు వచ్చేసరికి ఆయన రెండు కుక్కలకు స్నానం చేయించి, గడ్డికి నీళ్ళు పట్టి, గేటు దగ్గర నిలబడాలి. "నీడ పట్టున ఉంటవు, టైముకు జీతమొస్తది" అని బాపు, "నేను మెకానిక్ అయితా" అని నేను. చివరికి మొయినాబాద్‌లో ఒక ఉస్తాద్ షెడ్డులో చేరాను. ఉస్తాద్ నాకు ఒక డబ్బాలో డీజిలు పోసి, బ్రష్షు చేతికిచ్చి, సామాన్లు కడగమన్నాడు. కొన్ని నెలల పాటు కడిగాను. కడిగిన సామాన్లన్నీ ఇంజనువే కాబట్టి ఇంజను పని నాకు వచ్చేసిందనుకున్నాను. బాపు మాత్రం గడువు పెట్టాడు. "దసరా దాటేలోపు నీ చేతి మీద ఒక్క బండన్న బాగుపడ్డదని ఎవరన్న చెప్పాలె. లేకపోతె కుక్కల కాడికి నడువు."

సరిగ్గా ఆ సమయంలో మా మామ సర్పంచ్‌గా నిలబడ్డాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు, ఊరు ముడిమ్యాల అవతల. క్యారెట్టు, టమాట పండించి చేవెళ్ల మార్కెట్టుకు వేస్తాడు గానీ ఆయన అసలు పంట తెల్ల చొక్కాలు. ఏ ఇంట్లో పంచాయతీ అయినా మధ్యలో మామ కుర్చీ ఉండాలి. సర్పంచ్ కావాలన్నది ఆయనకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. ప్రతిసారీ రిజర్వేషను ఎదురొచ్చేది, ఆసారి కలిసొచ్చింది. గుర్తు కూడా పాన వచ్చింది. మామ సంబరం చెప్పనలవి కాదు. "రైతు ఇంట్ల పాన లేని ఇల్లు చూపియ్యి. ఉంగరం ఎవల కాడున్నది?" అని అందరినీ అడిగేవాడు. ఉంగరం ఎదుటి వ్యక్తి గుర్తు. ఆ ఎదుటి వ్యక్తిని ఊళ్ళో సైలెంట్ పటేల్ అనేవాళ్ళు, ఎందుకంటే ఆయన ఏ సభలోనూ నోరు విప్పడు. ప్రచారంలో కూడా ఇంటింటికీ వచ్చి, దండం పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు. మామ మనుషులు మాత్రం అట్టతో మనిషెత్తు పాన చేసి, దానికి వెండి కాగితం అంటించి, ట్రాక్టరు ముందు నిలబెట్టారు. కింద పెద్ద అక్షరాలతో, వదులైన ఊరును బిగించేది పానే అని రాయించారు.

ట్రాక్టరు మాత్రం ఊరి కంటే వదులుగా ఉంది. నాలుగు వీధులు తిరిగేసరికి ఇంజను కాగిపోయేది. చేవెళ్లలో మెకానిక్కులు దొరకడం లేదు, అన్ని ఊళ్ళ ట్రాక్టర్లూ ఎన్నికల పని మీద ఉన్నాయి. మా ఉస్తాద్ తాండూరులో బంధువుల పెళ్ళికి పోయాడు. మామ నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడా, హెడ్ ప్యాకింగ్ పోయిందంటున్నరు. నీతోని అయితదా?"

"ప్యాకింగే కద మామ. ఫికర్ చెయ్యకు."

"జర మంచిగ చెయ్యిరా. ఆఖరు దినం ర్యాలీ ఉన్నది. గెలిచినంక సడక్ మీద మన షెటర్ ఉన్నది కద, అది నీకే. బోర్డు నీ పేరు మీదనే పెట్టుకో."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బోర్డు మీద నా పేరు ఏ రంగులో ఉండాలో తేలలేదు.

ఇంజను సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. ఇంజను పైభాగాన మూత లాంటి బరువైన ఇనుప దిమ్మ ఉంటుంది, దాన్నే హెడ్ అంటారు. దానికీ కింది భాగానికీ మధ్య పల్చటి ప్యాకింగు ఉంటుంది. పొడుగాటి బోల్టులు హెడ్‌ను కిందికి అదిమి పడితేనే ఆ ప్యాకింగు నీళ్ళను, మంటను ఎక్కడివక్కడ ఆపుతుంది. మామ ఇంటి ముందర వేపచెట్టు కింద నేను ఆ బోల్టులన్నీ విప్పాను. అప్పుడొక అద్భుతం కంటబడింది. రెండు బోల్టులు తడిగా వచ్చాయి, వాటి మరల మీద ఎండిపోయిన పాత ముద్ద ఏదో అంటుకుని ఉంది. కంపెనీ వాళ్ళు కూడా బాపు పద్ధతే పాటిస్తారన్నమాట. నాకు ఒళ్ళు పులకరించింది. మరి మిగతా బోల్టులకు ఎందుకు రాయలేదు? దీనికి నాకు దొరికిన సమాధానం, కంపెనీ వాళ్ళు పిసినారులని.

కొత్త ప్యాకింగు పరిచి హెడ్ కూర్చోబెట్టాను, కనకమామిడి నుంచి బాపు సఫేదా డబ్బా తెప్పించాను. ఒక్కో బోల్టుకూ దండిగా రాసి, దారం చుట్టి, మళ్ళీ రాశాను. అంతటితో ఆగకుండా బోల్టులు దిగే రంధ్రాల్లో కూడా వేలితో కూరాను. మామ ప్రచారానికి బయలుదేరుతూ ఆగి చూశాడు.

"ఏందిరా అది?"

"సఫేదా మామ. సుక్క నీళ్ళు బయటికి రావు."

"ఇంజన్‌కు గూడ రాస్తరా?"

"తెలిసినోళ్ళు రాస్తరు."

అత్త మజ్జిగ తెచ్చి ఇస్తూ, "బోరు పైపుకు రాసినట్టే రాస్తున్నవు కద పిలగా" అంది. అత్తకు ఇంజన్ల సంగతి తెలియదని జాలిపడి, నవ్వి ఊరుకున్నాను. ఇక బిగించడం. ఎంత బిగువు ఉండాలో చూపించే పరికరం ఉస్తాద్ బీరువాలో ఉంది, తాళంచెవి తాండూరులో ఉంది. నేను పానకు మూరెడు పైపు తొడిగి బలమంతా పెట్టి లాగాను. బోల్టులు ఎంత త్వరగా బిగిశాయంటే నాకే ఆశ్చర్యమేసింది. రాయిలాగా ఆగిపోయాయి. నా చేతి చలవే అనుకున్నాను. నిజానికి జరిగిందేమిటంటే, తడి బోల్టులు వచ్చిన ఆ రెండూ తప్ప మిగతా రంధ్రాలన్నిటికీ అడుగు మూసి ఉంటుంది. నేను కూరిన సఫేదా అడుక్కు చేరి ఎటూ పోలేక అక్కడే కూర్చుంది. బోల్టు వెళ్ళి దాని మీద కూర్చుంది. పాన పట్టుకుని లాగుతున్న నాకు బోల్టు బిగిసినట్టే ఉంది, హెడ్ మాత్రం వదులుగానే ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్టార్ట్ చేస్తే ఇంజను చక్కగా మోగింది. మామ నా వీపు మీద చరిచి, "అల్లుడు చేసిండు" అని వచ్చిపోయే ప్రతివాడికీ చెప్పాడు. బాపుకు కూడా ఫోన్ చేసి చెప్పాడు. బాపు, "ఎన్ని దినాలు నడుస్తదో చూడు" అన్నాడట.

ఆఖరి రోజు ర్యాలీ. ముందు డప్పులు, వెనక ఆటోలు, ట్రాలీ నిండా ఆడవాళ్ళు, వాళ్ళ ముందు చేతులు జోడించి మామ. ఇంజను వైద్యుణ్ణి కాబట్టి నన్ను డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టారు. ప్రతి మలుపులో మామ మైకు అందుకుని, "ఈ ఇంజన్ నా అల్లుడే బాగు చేసిండు. ఇగ ఊరిని నేను బాగు చేస్త" అనేవాడు. జనం నన్ను చూసేవాళ్ళు. నేను చెయ్యి ఊపేవాణ్ణి. సైలెంట్ పటేల్ ఉండే వీధి కొంచెం ఎత్తు మీద ఉంటుంది. ఆ చడావు ఎక్కుతుంటే వేడి ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయింది. డ్రైవరు నా వైపు తిరిగి, "ఏందో వాసనొస్తున్నది" అన్నాడు. "కొత్త ప్యాకింగ్ వాసన. గట్లనే ఉంటది, పోనియ్యి" అన్నాను.

సరిగ్గా సైలెంట్ పటేల్ గేటు ముందర ఇంజను ఈల వేసింది. హెడ్ చుట్టూరా నీళ్ళు చిమ్మాయి, ఆవిరి లేచి ట్రాక్టరును కమ్మేసింది. డప్పులవాళ్ళు ఇదేదో ఏర్పాటు అనుకుని ఇంకా జోరుగా కొట్టారు. ఆవిరి మధ్యలో మామ జోడించిన చేతులు మాత్రం కనబడుతున్నాయి. అట్ట పాన తడిసి మెత్తబడి, నడుము దగ్గర విరిగి, మెల్లగా వంగి పటేల్ గేటుకు నమస్కారం పెట్టింది. గేటు తెరిచి ఆయన బయటికొచ్చాడు. ట్రాక్టరును చూశాడు, వంగిన పానను చూశాడు, మడ్‌గార్డు మీద ఇంకా చెయ్యి ఎత్తి పట్టుకునే ఉన్న నన్ను చూశాడు. తన మనుషులతో, "నీళ్ళు తెచ్చియ్యుండ్రి" అన్నాడు. తర్వాత మామ వైపు తిరిగి ప్రచారం మొత్తం మీద తన ఏకైక ఉపన్యాసం ఇచ్చాడు.

"పాన ఉన్నది కద. బిగిచ్చుకోండ్రి."

మర్నాటికి ఆ మాట చేవెళ్ల మార్కెట్టు దాకా పోయింది. అంతకంటే ఘోరం, మా ట్రాక్టరును ఇంటికి చేర్చడానికి దొరికిన ఒకే ఒక్క బండి పటేల్ ట్రాక్టరు. ఉంగరం జెండాతో ఉన్న ఆ బండి, మేము ఊరేగిన వీధుల్లోంచే మమ్మల్ని తాడు కట్టి లాక్కుపోయింది. మామ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

ఎవరూ చెప్పకుండానే నేను సారు తోటకు పోయి కుక్కలకు స్నానం చేయించడం మొదలుపెట్టాను. బాపు నన్ను అడిగింది ఒకటే. "సఫేదా డబ్బ మొత్తం ఒడగొట్టినవా?" అని. కొన్నాళ్ళకు ఉస్తాద్ కబురు పెట్టాడు. మామ ఇంజను షెడ్డుకొచ్చింది. ఉస్తాద్ ఒక బోల్టు తీసి, దానికున్న దారం విప్పుతూ విప్పుతూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "అరె మియా, పీర్ల పండుగకు పీరుకు దట్టి చుట్టినట్టు చుట్టినవు కద" అన్నాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్ళ దారిలోకి దిగే బోల్టులకే కారకుండా ఆపే మందు, మిగతావాటికి రంధ్రం తుడిచి చుక్క నూనె అని చూపించాడు. ఆఖర్న హెడ్ మీద వంకర లేని ఇనుప బద్ద ఆనించి చూసి, "ఇది ముందే వంగింది. నువ్వు మంచిగ బిగిచ్చినా నిలవకపోతుండె. ఏడువకు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అంటే మామ ఓటమిలో నా చెయ్యి లేదు. ఆ శుభవార్త చెప్పడానికి బస్సెక్కి మామ ఊరికి పరుగెత్తాను. మామ అరుగు మీద పదిమందితో కూర్చుని ఉన్నాడు. "ఎలక్షన్ బోల్టులల్ల పోయింది. లేకపోతె మనకు తిరుగు లేకుండె" అంటున్నాడు. అందరూ తలలూపుతున్నారు. నేను అందరి ముందూ, "మామ, హెడ్ ముందే వంగిందంట. నేనెట్ల బిగిచ్చినా నిలవకపోతుండె అంట" అన్నాను. మామ ముఖం వాడిపోయింది. జనం వెళ్ళిపోయాక నన్ను పశువుల పాక వెనక్కి తీసుకుపోయాడు.

"అది ఎవ్వరికి చెప్పకురా."

"ఎందుకు మామ?"

"అల్లుడు పోరడు, తెలియక ఏందో రాసిండు, గందుకే ఓడిన అనుకుంట. నడుస్తది. బండి పాతదయింది, మామ పాతోడయిండు, జనం వద్దనుకున్నరు అనుకుంటె నాకు ముద్ద దిగుతలేదు."

తెల్ల చొక్కా మామ, అన్ని పంచాయతీల్లోనూ మధ్య కుర్చీ మామ, పేడకుప్ప పక్కన నిలబడి నన్ను అట్లా బతిమాలడం చూసి నాకు ఏడుపొచ్చింది. చెప్పనన్నాను. ఆనాటి నుంచి ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి దావత్‌లోనూ మామ నా భుజం మీద చెయ్యి వేసి, "నా సర్పంచ్‌గిరి ముంచింది ఈ పోరడే" అని పరిచయం చేశాడు. ఆ చెయ్యి ఎప్పుడూ బరువుగా ఉండేది కాదు. నేను ఉస్తాద్ దగ్గర నిజంగానే పని నేర్చుకుని, కిరాయికి షెడ్డు తీసుకుని, పేరు సంపాదించుకున్నా, మామ ఊరి నుంచి మాత్రం ఒక్క ట్రాక్టరు నా దగ్గరికి వచ్చేది కాదు.

ఈమధ్య పంచాయతీ ఎన్నికలు మళ్ళీ వచ్చాయి. మామ మళ్ళీ నిలబడ్డాడు. నామినేషన్ వేయగానే నాకు ఫోన్ చేసి, వచ్చి ఇంజను విప్పి బిగించమన్నాడు. పోయి చూస్తే ఇంజను శుభ్రంగా ఉంది.

"బాగనే ఉన్నది కద మామ, ఎందుకు ఇప్పుడు?"

"నువ్వే చెయ్యాలె. ఊరోళ్ళు చూడాలె."

పోయిన నా పేరు ఊరందరి ముందు నిలబెట్టడానికి మామ వేసిన ఉపాయం ఇది అనుకుని పొంగిపోయాను. అదే వేపచెట్టు కింద, వచ్చిపోయే వాళ్ళంతా చూస్తుండగా, రంధ్రాలన్నీ తుడిచి, నూనె పెట్టాల్సిన వాటికి నూనె, మందు పెట్టాల్సిన రెండింటికి మందు పెట్టి, వరస తప్పకుండా బిగించాను. మళ్ళీ మడ్‌గార్డు మీద కూర్చున్నాను. చడావు ఎక్కింది, పటేల్ గేటు దాటింది, ఊరంతా తిరిగింది, ముల్లు కదలలేదు. మామ ఓడిపోయాడు. ఈసారి తేడా కొద్దిగా కాదు.

ఫలితాల మర్నాడు మామ ఒక్కడే మోటర్‌సైకిల్ మీద నా షెడ్డుకు వచ్చాడు. నేను చేవెళ్ల రైతు ఒకాయన ట్రాక్టరుకు హెడ్ ఎక్కిస్తున్నాను. ఆయన కొత్త గిరాకీ, వాళ్ళ ఊళ్ళో ఇంకా చాలా బండ్లున్నాయని ముందే ఆశ పెట్టాడు. మామ స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ చేతిలో పెడితే తాగకుండా పట్టుకున్నాడు.

"బండి ఏమన్న సతాయించిందారా?" అన్నాడు మెల్లగా.

"లే మామ. సుక్క నీళ్ళు గూడ కారలే."

"కారలే" అన్నాడు. కాసేపు రోడ్డు మీద పోయే కార్లను చూశాడు. "జర వాసనన్న రాలే?"

నాకప్పుడు అర్థమైంది, నాతోనే ఎందుకు చేయించాడో. నా పేరు నిలబెట్టడానికి కాదు. ఒకవేళ ఓడిపోతే చెప్పుకోవడానికి ఒక అల్లుడు ఉండాలని. ఆ అల్లుడేమో ఈ మధ్యలో పని నేర్చుకుని కూర్చున్నాడు. నన్ను చూసి నాకే సిగ్గేసింది, అంత బాగా బిగించినందుకు.

చేవెళ్ల రైతు మామను గుర్తుపట్టాడు. "నువ్వు మొన్న నిలవడ్డవు కద పెద్దన్న, ఏమాయె?" అన్నాడు. మామ ముందు చాయ్ గ్లాసులోకి చూశాడు. నా వైపు చూశాడు. నా చేతిలో ఆ రైతు ఇంజను బోల్టే ఉంది. షెడ్డు, బోర్డు, పనివాళ్ళు, ఆ ఊళ్ళో ఉన్నాయన్న ట్రాక్టర్లు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"బండి మోసం చేసింది అన్న" అన్నాను. "బోల్టులకు నేనే ఏందో రాసిన. మంచిగ బిగియ్యలే."

రైతు నన్ను చూశాడు, నా చేతిలో బోల్టును చూశాడు. లేచి వచ్చి ఇంజను పక్కన, నా మోచేతికి ఆనుకుని నిలబడ్డాడు. మామ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "వీడు చిన్నప్పటి సంది గింతే తమ్మి. ఎనుకట నేను పాన గుర్తు మీద నిలవడితె ఏం చేసిండో ఎరికేనా" అని మొదటినుంచీ ఎత్తుకున్నాడు. సఫేదా, దారం, ఆవిరి, డప్పులు, ఏదీ వదలలేదు. అట్ట పాన వంగి దండం పెట్టిన చోటికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక తొడ మీద కొట్టుకున్నాడు. మామ అంత హాయిగా నవ్వి చాలా ఏళ్ళయింది. నేను తల వంచుకుని, రైతు కళ్ళెదుట ఒక్కో రంధ్రం తుడిచి, ఒక్కో బోల్టుకు నూనె పెట్టి, పరీక్ష రాస్తున్నవాడిలా బిగించుకుంటూ పోయాను. మామ చెబుతున్న ఆ పోరడు, నీళ్ళు చిమ్ముతున్నా చెయ్యి ఎత్తే పట్టుకున్నవాడు, ఎంత ధైర్యంగా ఉన్నాడో అనిపించి నాలో నేనే నవ్వుకున్నాను.